ఫుట్‌బాల్ గ్రౌండులో బండలాగుడు

పోయిన వారం ఆళ్లగడ్డలో మా అన్న మనవరాలికి చెవులు కుట్టించారు. రెండు రోజులుండి, వదిన కట్టిచ్చిన కారాలు, లడ్డూల సంచి ఒళ్లో పెట్టుకుని నంద్యాల బస్సెక్కాను. బస్టాండులో దిగి బయటికి వచ్చేసరికి ఎదురుగా ఇంటి గోడంత ఫ్లెక్సీ. మధ్యలో రెండు తెల్లటి ఎద్దులు, కొమ్ములకు కుచ్చులు, మెడలో గంటలు. వాటి చుట్టూ గుండ్రంగా కత్తిరించి అతికించిన మనుషుల మొహాలు. ఎద్దులు రెండే గానీ మొహాలకు లెక్క లేదు. అన్నిట్లోకీ ఎద్దులే కాస్త ఆలోచన ఉన్నవాటిలా కనిపించాయి. బండలాగుడు పోటీలట. అడుగున ఎర్ర అక్షరాలతో ‘స్థలం: ఫుట్‌బాల్ గ్రౌండ్’ అని వేశారు. నేను సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆటో నడిపే కుర్రవాడు నన్ను చూసి, “ఏందమ్మా, ఎద్దుల్ని చూడనీకె పోతాండావా? ఫుట్‌బాల్ గ్రౌండు కాడికే, ఎక్కు” అన్నాడు. ఇంటికి పోవాలి అని చెప్పి ఎక్కాను. దారిలో ఉండబట్టలేక, “దానికి ఆ పేరెందుకొచ్చింది నాయనా?” అని అడిగాను. “ఏమోమ్మా, మొదుట్నుంచీ అదే పేరు” అన్నాడు. నాకు తెలిసి మొదట్లో అది జొన్నచేను. మధ్యలో కొన్నేళ్లు మాత్రం నిజంగానే ఫుట్‌బాల్ గ్రౌండు. ఆ కొన్నేళ్లూ నా సంసారం అందులోనే గడిచింది.

మా ఇంటాయన ఆ క్లబ్బుకు ఏమవుతాడంటే చెప్పడం కష్టం. అధ్యక్షుడు కాడు. అధ్యక్షుడిగా ఎప్పుడూ ఊళ్లో ఎవరో ఒక పెద్దమనిషిని పెట్టుకోవాలి, ఆయన చందా ఇస్తాడన్న ఆశతో. ఆయన చందా ఇవ్వడు, దండ వేయించుకుని ఫోటో దిగి వెళ్లిపోతాడు. మా ఇంటాయనది కార్యదర్శి పదవి. అంటే బంతికి గాలి కొట్టించడం, గీతలకు సున్నం కలపడం, పిల్లలను బయటి ఊరికి తీసుకువెళ్లాల్సి వస్తే బస్సు చార్జీలకు విత్తనాల గోడౌనులో తన జీతం మీద అడ్వాన్సు రాయించుకోవడం. ఆయన వయసులో ఉండగా బాగా ఆడేవాడా అని ఒకసారి మామూని అడిగాను. మామూ అంటే క్లబ్బు కోచ్. ఊరందరికీ ఆయన మామూనే. “శానా పరిగెత్తేటోడు బేటీ” అని నవ్వాడు. బంతి సంగతి మాత్రం ఎత్తలేదు.

మామూకి మార్కెట్ వెనక పరుపుల అంగడి ఉండేది. దూది ఏకి పరుపులు కుట్టే ఆ పెద్ద సూదితోనే చిరిగిన బంతులు కూడా కుట్టేవాడు. కొత్త బంతి కొనడమంటే మాకు పండగ లెక్క, కాబట్టి ఒక్కో బంతి నాలుగైదు సార్లు ఆయన సూది కింద పడి లేచేది. అలా కుట్టిన బంతి తిన్నగా పోదు, కొంచెం ఎడమకు లాగుతుంది. మా పిల్లలకు అది అలవాటే, బయటి ఊరి టీములకు కాదు. ఆ లెక్కన గెలిచిన ఆటలు కొన్ని ఉన్నాయని నాకు ఇప్పటికీ అనుమానం. ఇక నా వంతు పని చొక్కాలు ఉతకడం. నేను అప్పట్లో ఆళ్లగడ్డ బడిలో టీచరును. రోజూ పొద్దున బస్సులో వెళ్లి సాయంత్రం వచ్చేదాన్ని, ఆదివారం వస్తే మట్టికొట్టుకుపోయిన ఆ నీలం చొక్కాలన్నీ నానబెట్టేదాన్ని. మా వీధికి కొత్తగా వచ్చినావిడ దండెం వంక చూసి చూసి, “మీకు మగపిల్లలు ఎంతమంది?” అని అడిగింది. మాకున్నది ఒక్క ఆడపిల్ల. ఆమెకు ఫుట్‌బాల్ అంటే గిట్టదు.

మా వైపు ఫుట్‌బాల్ ఆడించడం ఎంత కష్టమో బయటివాళ్లకు అర్థం కాదు. క్రికెట్ అంటే ఎవరైనా ఇస్తారు. కబడ్డీ అంటే ‘మన ఆట’ అని ఇస్తారు. ఫుట్‌బాల్ అనగానే, “అది మనోళ్ల ఆట గాదులేప్పా” అని తల పక్కకు తిప్పుకుంటారు. మరీ మొహమాటపెడితే కప్పు ఇస్తారు. కప్పు మీద పేరు చెక్కించుకోవచ్చు కదా! మా ఇంట్లో బీరువా మీద, టీవీ మీద, చివరికి వంటింట్లో చింతపండు డబ్బా పక్కన కూడా కప్పులే. ఆ కప్పులు అమ్మితే బూట్లు రావు, వాటిలో కాఫీ తాగలేము. అయినా మా ఇంటాయన ప్రతి కప్పునూ రెండు చేతులతో అందుకుని దండం పెట్టి వచ్చేవాడు. ఆయన మొహమాటం ముందు ఎవరి మొహమాటమూ పనికిరాదు.

అయినా ఎందుకు నడిపారంటే, అందులో ఆడే పిల్లల కోసం. ఆటోవాళ్ల పిల్లలు, మిల్లు హమాలీల పిల్లలు, ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కేవాళ్ల పిల్లలు. జిల్లా లీగులో ఆడితే సర్టిఫికెట్ వస్తుంది, ఆ కాగితంతో ఉద్యోగాల్లో ఆటగాళ్ల కోటా కింద నిలబడవచ్చు. అలా ఒకరిద్దరు పోలీసులో చేరారు. పిల్లవాడు యూనిఫాం వేసుకుని స్వీటు డబ్బాతో మా గడపలో నిలబడిన రోజున మా ఇంటాయన భోజనం చేయలేదు, కడుపు నిండిపోయిందన్నాడు. ఆ లీగులో ఉండాలంటే క్లబ్బుకు సొంతదో కౌలుదో ఒక గ్రౌండు ఉండి తీరాలన్నది షరతు. గ్రౌండు పోతే క్లబ్బు పోయినట్టే, ఆ పిల్లల కాగితమూ పోయినట్టే. అంతా ఆ నేల మీద నిలబడి ఉంది.

ఆ నేల ఊరి చివర ఒక రైతు పెద్దాయనది. కాలువ కింది భూమి. జొన్న మానేసి బీడు పెట్టిన ఏడాది మా వాళ్లు వెళ్లి అడిగితే, ఆడుకోండి అన్నాడు. ఉగాదికి ఆయనకు ఒక పంచె, తాంబూలం పెట్టేవాళ్లం, అదే కౌలు. మ్యాచ్ ఉన్న సాయంత్రం కుర్చీ తెప్పించుకుని కూర్చునేవాడు. ఆట నియమాలేవీ ఆయనకు పట్టవు, ఎవరు కింద పడితే ఆయన వాళ్ల పక్షం. “లెయ్ నాయనా, లెయ్, ఏం గాలేదు” అని అవతలి టీము పిల్లలను కూడా లేపేవాడు. ఆయన పోయాక కొడుకు చేతికి వచ్చింది. కొడుకు చెడ్డవాడేమీ కాదు. వరసగా మిరప పోయి, పత్తి పోయి అప్పుల్లో ఉన్నవాడు. మా ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుని నాతోనే చెప్పాడు: “అక్కా, మా నాయన పంచెకి ఇచ్చినాడు. నాకి పంచెలు శానా ఉండాయి. వరిమడికి ఎంత కౌలు వస్తాదో అంత ఇయ్యండి, ఆడుకోండి. ఉగాది లోపల ఇయ్యల్ల. లేకుంటే నారు పోసుకుంటా.” న్యాయంగానే మాట్లాడాడు, దాంతో తిట్టడానికి కూడా వీల్లేకపోయింది.

ఉగాదికి ఇంకా కొన్ని నెలలు ఉండగా మా ఇంటాయన చందాలకు బయలుదేరాడు. ఒక ఆదివారం నేనూ వెంట వెళ్లాను, ఆడమనిషి ఉంటే కాస్త మర్యాదగా మాట్లాడతారేమోనని. ఒక విత్తనాల వ్యాపారి మమ్మల్ని చాలాసేపు కూర్చోబెట్టి, కూల్‌డ్రింకు ఇప్పించి, “క్రికెట్ పెట్టప్పా, స్టేజీ అంతా నేనే కట్టిస్తా” అన్నాడు. ఇంకొకాయన లోపలే ఉండి లేననిపించాడు; ఆయన చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. మరొకాయన మళ్లీ కప్పు ఇస్తానన్నాడు. తిరిగి వస్తుంటే మా ఇంటాయన, “పాపం, ఆయనకూ ఇబ్బందులుంటాయిలే” అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద మండిందో, ఆ చెప్పుల మీద మండిందో చెప్పలేను. రాను రాను ఆయన అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలకడం మొదలుపెట్టాడు. గోడౌనులో అడ్వాన్సులు అన్నీ అయిపోయాయి, ఇక అడిగితే ఉద్యోగానికే ఎసరు. చొక్కా మెడ వదులై భుజం మీదికి జారేది. నాకు భయం వేసింది. క్లబ్బు పోతుందని కాదు, దాంతోపాటు ఈయన కూడా పోతాడేమోనని.

అప్పుడు వచ్చాడు మా అన్న. మా అన్నది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. భూమి కంటే ఆయనకు ఎద్దులు ముఖ్యం. అవి అరక కట్టే ఎద్దులు కావు, బండలాగుడు పోటీలకు పెంచే ఎద్దులు. వాటికి ఉలవలు, గుడ్లు, ఖర్జూరాలు, దోమలు కుట్టకుండా వల, ఎండాకాలం ఫ్యాను. మా వదిన వంటింట్లో ఫ్యాను లేదు. ఆ రోజు మా ఇంటాయన వాలకం చూసి మా అన్నకు నిజంగానే జాలి వేసింది. మామూ కూడా అక్కడే ఉన్నాడు, అరుగు మీద బంతి కుడుతూ.

“బావా, ఊరంతా తిరిగి తిరిగి కాళ్లు అరిగిపోతాండాయి నీకి. ఒగ మాట చెప్తా, ఇంటావా? బండలాగుడు పెట్టు. గ్రౌండు నీ చేతిలో ఉండాది. జతకింత అని ఎంట్రీ వస్తాది. బహుమతులకి దాతలుంటారు. నీ బంతాటకి రూపాయి రాల్చనోడు ఎద్దులంటే ఎగబడి ఇస్తాడు. మైకులో పేరు చదివితే సాలు.”

మామూ సూది ఆపాడు. “నేల సస్తాది సాబ్. బండ పోయిన నేల మల్లా మాట ఇనదు.”

“నేలకేమైతాది మామూ? ఒగ వాన పడితే అదే కలుస్తాది.”

మా ఇంటాయన మెల్లగా, “ఉగాదికి నేలే లేకుండా పోతాండాది మామూ. చచ్చిందో బతికిందో తర్వాత చూస్తాం” అన్నాడు. మామూ దారం పళ్లతో తెంపాడు. ఫుట్‌బాల్ గ్రౌండును కాపాడుకోవడానికి అందులో టన్నుల కొద్దీ బండను ఈడ్పించాలన్న ఆలోచన మా రాయలసీమవాళ్లకు తప్ప ఇంకెవరికైనా వస్తుందా అని నేను తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఆ రోజు మాత్రం నాక్కూడా అది బంగారం లాంటి ఉపాయం అనిపించింది.

బండలాగుడు చూడనివాళ్లకు చెప్పాలి. ఒక పెద్ద రాతిపలక. దానికి గొలుసు, గొలుసుకు కాడి, కాడికి ఒక జత ఎద్దులు. ఇచ్చిన సమయంలో ఏ జత ఎంత దూరం లాగితే దానికి అంత పేరు. బండ జారాలంటే నేల మెత్తగా ఉండకూడదు కాబట్టి, ఒక గోలుపోస్టు నుంచి ఇంకో గోలుపోస్టు దాకా నట్టనడుమ ఎర్రమట్టి పోసి, నీళ్లు చల్లి, రెండు రోజులు రోలరు తిప్పి గట్టి చేశారు. మామూ ఆ రోలరు పని చూడలేక ఆ రెండు రోజులూ అంగడి వదిలి రాలేదు. పోటీ రోజు పొద్దునే దొర్నిపాడు వైపు నుంచి, ఆత్మకూరు వైపు నుంచి లారీల్లో ఎద్దులు, ట్రాక్టర్లలో జనం దిగారు. ఫుట్‌బాల్‌కు చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కూడా రాని చోట చెట్లెక్కి చూశారు. మా పిల్లలు నీలం చొక్కాలు వేసుకుని తాళ్లు పట్టుకుని జనాన్ని ఆపుతున్నారు. బండ కదిలినప్పుడు పుట్టే ఆ గరగర శబ్దం, ఎద్దుల పక్కనే పరిగెత్తే మనుషుల అరుపులు, ధూళి, చెమట, పేడ వాసన. నిజం చెబితే నా ఒళ్లు కూడా పులకరించింది. పుట్టింటి రక్తం ఎక్కడికి పోతుంది?

స్టేజీ మీద మైకు మనిషి గొంతు ఊరంతా మోగుతోంది. మొదటి బహుమతి దాత ఫలానా పత్తి వ్యాపారి అని చదవగానే, ఆయనకు పడని ఇంకొకాయన మనిషిని పంపి దానికి రెట్టింపు చదివించాడు. దాని మీద మరొకాయన. రెండో బహుమతికి, మూడో బహుమతికి, చివరికి బాగా అరిచినవాడికి కూడా దాతలు లేచారు. ఇంటి లోపల ఉండి లేననిపించిన ఆయన కూడా వచ్చి పేరు చదివించుకున్నాడు. మా ఇంటాయన స్టేజీ పక్కన నిలబడి వింటున్నాడు. పెళ్లినాడు కూడా ఆయన మొహం అంతగా వెలగలేదు. నా వైపు చూసి, చాలు ఇక, గట్టెక్కాం అన్నట్టు తల ఊపాడు. భూమి ఆసామిని, అంటే పెద్దాయన కొడుకును, పిలిచి శాలువా కప్పి ముందు వరసలో కూర్చోబెట్టాము. అతను ఎద్దులను చూడలేదు, మెడ తిప్పి తిప్పి జనాన్నే చూస్తూ కూర్చున్నాడు. మర్యాదకు పొంగిపోయాడనుకున్నాను.

పొద్దు వాలేసరికి పోటీ ముగిసింది. గెలిచిన జతల యజమానులు పసుపు కుంకుమలతో ఎద్దులను పట్టుకుని స్టేజీ ముందు నిలబడ్డారు. ఆ బహుమతి అక్కడికక్కడ, జనం ముందర, చేతిలో పెట్టాలి; లేకపోతే ఎద్దులకు అవమానం జరిగిందని అంటారు, ఆ అవమానానికి మనుషులు తలలు పగలగొట్టుకుంటారు. వెనక్కి తిరిగి చూస్తే దాతల కుర్చీలన్నీ ఖాళీ. ఒకాయన భోజనానికి వెళ్లాడట, ఒకాయనకు బీపీ అట. మా ఇంటాయన ఎంట్రీ ఫీజులు, గ్రౌండు చుట్టూ పెట్టిన అంగళ్ల దగ్గర వసూలైనది, జేబులో ఉన్నది, మా అన్న జేబులో ఉన్నది అన్నీ కలిపి బహుమతులిచ్చాడు. గ్రౌండుకని ఒక్క రూపాయి మిగల్లేదు. మర్నాడు వెళ్లి అడుగుదామని నేనంటే మా అన్న కస్సుమన్నాడు. “మైకులో పేరు చదివినంక మల్లా ఇంటికి పోయి అడుగుతారా ఎవురన్నా? మొగం మింద ఉమ్మినట్ల ఉంటాది. మర్యాద ఉండల్ల. వాళ్లే పంపిస్తార్లే.” అది మా వైపు పద్ధతి. మైకు చదివిందంటే ఇచ్చినట్టే లెక్క. ఇచ్చినవాడిని ఇవ్వమని అడగడం తప్పు. మా ఇంటాయన కూడా ఆ పద్ధతిలోనే పుట్టి పెరిగాడు, ఎవరి గుమ్మమూ తొక్కలేదు. రోజూ సాయంత్రం వీధి చివరి దాకా చూసేవాడు. చివరికి ఒక దాత నుంచి మనిషి వచ్చాడు. అట్టపెట్టె ఇచ్చాడు. విప్పితే కప్పు. మీద రెండు ఎద్దుల బొమ్మ.

ఆ కప్పు చూసి నేను నవ్వాను. ఎంతసేపు నవ్వానంటే, మా ఇంటాయన మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. తర్వాత ఏడ్చాను. మరుసటి వారం, ఇంటి మీద ఒక గది వేసుకుందామని ఏళ్ల తరబడి కడుతున్న నా చీటీని తోసేసి పాడాను. అంత నష్టానికి ఎవరూ పాడరు. ఆ డబ్బు తీసుకెళ్లి నేనే పెద్దాయన కొడుకు చేతిలో పెట్టాను. ఉగాదికి ఇంకా రోజులున్నాయి. గట్టెక్కాం అనుకున్నాం, రెండోసారి.

కానీ నేల మామూ చెప్పినట్టే చేసింది. నట్టనడుమ పొడుగునా బండ తొలిచిన గాడి. మా నల్లరేగడి మీద ఎర్రమట్టి, నీళ్లు, అంత బరువు; పైన ఎండ. ఇటుకలా గట్టిపడిపోయింది. బంతి అందులో పడితే కాలువలో నీరులా దాని వెంటే పోతుంది. పిల్లలు గాడికి అటు కొందరు ఇటు కొందరు నిలబడి, మధ్యలోకి పోకుండా ఆడటం మొదలుపెట్టారు. చూస్తే రెండు ఊళ్ల పంచాయితీలా ఉంది. అందరికంటే బాగా ఆడే ఆళ్లగడ్డ శిల్పి కొడుక్కి, పోలీసు ఉద్యోగానికి పరుగుపందెం ఇంకో నెలలో ఉందనగా ఆ గాడిలో కాలు మడతపడి చీలమండ విరిగింది. వాళ్ల నాయన వచ్చి మా ఇంటాయనను ఒక్క మాట అనలేదు. పిల్లవాడిని ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టి, “కట్టు కట్టినంక సరైపోతాదిలేప్పా, నువ్వేం దిగులు పడాకు” అని తనే ఓదార్చాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు నుంచి మా ఇంటాయన పలుగూ పారా తీసుకుని గాడి పూడ్చడం మొదలుపెట్టాడు. మామూ కూడా వెళ్లేవాడు. ఆ వయసులో తట్టలు మోసేవాడు. పోసిన మట్టి నీళ్లు తాగి ఉబ్బేది, ఎండకు ఎండి నెర్రెలు విచ్చేది, మళ్లీ పోసేవారు.

ఉగాది పచ్చడి చేసి ఇంకా గిన్నెలు కడగలేదు, పెద్దాయన కొడుకు వచ్చాడు. చేతిలో పళ్లెం, అందులో ఆకూ వక్కా, పంచె, నేనిచ్చిన డబ్బు కట్ట. నాకు అర్థం కాలేదు. పండగ పూట మర్యాద చేయడానికి వచ్చాడనుకుని కుర్చీ వేశాను.

“అక్కా, ఏమనుకోవద్దు. ఈ దుడ్లు మల్లా తీసుకో. గ్రౌండు ఎద్దుల కమిటీకి ఇచ్చేసినా. ఏడాదికి మూడు పోటీలు పెడతారంట. వరిమడి మీద వచ్చేదానికి ఎన్నో రెట్లు ఇస్తామంటాండారు. నా అప్పులు నీకి తెల్సు గదా.”

“మాట ఇచ్చినావు గదప్పా” అన్నాను.

“ఇచ్చినా. కానీ మీరు పెట్టి చూపిస్తే గదక్కా మాకి తెల్సింది, అంత జనం వస్తారని.”

మా ఇంటాయన లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. “కమిటీకి పెద్ద ఎవురు?” అని మాత్రం అడిగాడు. అతను తల దించుకుని నా వైపు చూపించాడు. “అక్కోళ్ల అన్నే.” నా చీటీ డబ్బు పళ్లెంలో అలాగే ఉంది. నా డబ్బు నాకు తిరిగి వచ్చింది. అంత ఏడిపించిన డబ్బు నా జన్మలో చూడలేదు.

పచ్చడి గిన్నె అలాగే వదిలేసి ఆళ్లగడ్డ బస్సెక్కాను. మా అన్న ఎద్దులకు నీళ్లు పోస్తున్నాడు. నన్ను చూడగానే విషయం తెలిసిపోయింది ఆయనకు. “నేను గాకుంటే ఇంగొగడు పట్టేటోడు మ్మే. ఆత్మకూరోళ్లు కాసుకోని ఉండారు. ఎవురో ఎందుకు, మనోళ్ల చేతిలో ఉంటే మంచిది గదా అని పట్టినా. బావకి కమిటీలో పేరు ఏపిస్తా” అన్నాడు. అందులో అబద్ధం ఏమీ లేదు, అదే నాకు భరించరానిదైంది. “నీ ఎద్దులతో నువ్వే ఉండు” అని చెప్పి వచ్చేశాను. చాలా రోజులు మా అన్నతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నాను, చెవులు కుట్టిస్తే వెళ్తున్నాను. తోడబుట్టినవాడిని ఎన్నాళ్లని వదిలేస్తాం?

ఒక పని మాత్రం మిగిలింది. గోలుపోస్టులు. బండ దారిని ఇంకా పొడిగించాలంటే అవి అడ్డం. కమిటీవాళ్లు కోసేస్తామన్నారు. మా ఇంటాయన ఒప్పుకోలేదు, పైపులు కోయకుండా ఉంచితే ఎక్కడైనా మళ్లీ పాతుకోవచ్చని. పెళ్లయిన కొత్తలో మామూ, ఆయనా కలిసి ఇనుప పైపులు కొని, గుంతలు తీసి, కాంక్రీటు పోసి పాతినవి అవి. పిల్లలంతా వచ్చారు, కాలికి కట్టుతో శిల్పి కొడుకు కూడా వచ్చాడు. గడ్డపారలతో చుట్టూ తవ్వి ఊపారు. కదల్లేదు. అంతమంది కలిసి తోసినా కదల్లేదు. అప్పుడు మా అన్న ఎద్దులను తోలుకుని వచ్చాడు. ఎవరూ పిలవలేదు, ఆయనే వచ్చాడు. గొలుసు తీసి నిలబడ్డాడే గానీ ఎక్కడ కట్టాలో తెలియలేదు. మా ఇంటాయన ముందుకు వెళ్లి గొలుసు అందుకున్నాడు. కాంక్రీటు ఏ పక్క పలచగా పోశారో పోసినవాడికి తెలుసు. అక్కడ చూసి తనే ముడి వేశాడు. మామూ మొహం పక్కకు తిప్పుకుని కూర్చున్నాడు.

మా అన్న ఎద్దుల వీపు తట్టాడు. అవి అరక కూడా లాగని ఎద్దులు, కానీ గొలుసు బిగియగానే వాటికి పోటీ గుర్తుకొచ్చినట్టుంది. మోకాళ్లు వంచి, తల దించి ఒక్క పట్టు పట్టాయి. మా అన్న ఎంత ఆపుకున్నా ఆగక, అలవాటుగా “ఆయ్, ఆయ్, నా రాజా” అని అరిచాడు. నేల పగిలి, కాంక్రీటు ముద్దతో సహా మొదటి పోస్టు లేచి వచ్చింది. అది లేచిన క్షణంలో పిల్లలు, వాళ్లకే తెలియకుండా, ఈలలు వేసి చప్పట్లు కొట్టారు. కొట్టి, ఏం చేశారో తెలిసి, చేతులు దించేసుకున్నారు. మా అన్న మా ఇంటాయన మొహం వైపు చూడలేక ఎద్దుల గంగడోలు నిమురుతూ నిలబడ్డాడు. మా ఇంటాయనే పోస్టు దగ్గరికి వెళ్లి గొలుసు విప్పి, దానికి అంటిన మట్టి దులిపి మా అన్న చేతికిచ్చాడు. “బాగా లాగినాయి బావా” అన్నాడు. వెళ్లి రెండో పోస్టుకు ఎక్కడ కట్టాలో చూడసాగాడు.

ఆ పైపులు మా పెరట్లో గోడకు ఆనించి ఉన్నాయి. వేరే నేల దొరకలేదు. లీగు నుంచి క్లబ్బు పేరు తీసేశారు. పిల్లలు ఎటు వాళ్లు అటు పోయారు, శిల్పి కొడుకు వాళ్ల నాయనతో రాళ్లు చెక్కుతున్నాడు. స్పాంజి పరుపులు వచ్చాక మామూ అంగడి మూసేశాడు. మా ఇంటాయన రిటైరయ్యాడు. ఇప్పటికీ ఇంకా చీకటి ఉండగానే, ప్రాక్టీసు వేళకు ఆయనకు మెలకువ వస్తుంది. పడుకోమంటే పడుకోలేడు. బూట్లు వేసుకుంటాడు, లేసులు కట్టుకుంటాడు, అరుగు మీద కూర్చుంటాడు. ఎక్కడికీ వెళ్లడు. తెల్లగా తెల్లవారాక బూట్లు విప్పి, లోపలికి వచ్చి కాఫీ అడుగుతాడు. నేల ఆసామిది, ఆయన ఇష్టం వచ్చినవాళ్లకు ఇచ్చుకున్నాడు. ఆ తెల్లవారుజాము మాత్రం ఎవరికీ అక్కర్లేక మా ఇంటాయనకే మిగిలిపోయింది, రోజూ వస్తూనే ఉంది.